సెకండ్ హ్యాండ్ బండ్ల యాప్: కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ నమ్మేలా ఎట్లా కట్టాలి? (అనంతపురం, కర్నూలు, కడప)

పెన్నా_ఒడ్డు (అనంతపురం) అడిగారు:

ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల వరకే పనిచేసే సెకండ్ హ్యాండ్ బండ్ల యాప్ ఒకటి కడుతున్నాం. మొదట ఆండ్రాయిడ్ మాత్రమే. బైకులు, కార్లు, ట్రాక్టర్లు, బొలెరో పికప్, టాటా ఏస్ లాంటి చిన్న గూడ్స్ బండ్లు ఉంటాయి.

మన దగ్గర బండి చేతులు మారేది ఎక్కువగా ఆటో కన్సల్టెన్సీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, లేదంటే తెలిసిన మెకానిక్ మాట మీద. యాప్‌లో చూసి కొనాలంటే జనం ఎందుకు భయపడతారో మీకు తెలిసిందే. ఫోటోలో బండి ఒకటి, పోయి చూస్తే ఇంకొకటి. ఓనర్‌నని మాట్లాడిన మనిషి బ్రోకర్ అని తేలుతుంది. ఫైనాన్స్ క్లియర్ కాలేదని ఆర్టీఓ ఆఫీసుకు పోయినాక బయటపడుతుంది. అడ్వాన్సు వేయించుకుని ఫోన్ ఆపేసేవాళ్లు సరేసరి. అమ్మినవాళ్ల బాధ వేరు: బండి ఇచ్చేసి ఏడాదైనా చలాన్లు వాళ్ల ఫోన్‌కే వస్తుంటాయి.

ఇప్పటికి డిజైన్‌లో ఉన్నవి ఫోన్ ఓటీపీ, ‘వెరిఫైడ్’ గుర్తు, స్టార్ రేటింగ్. ఇంకా ఏం కావాలి? ఓనర్ ఎవరో రుజువు చేయడం, ఫోటోలు నిజమైనవని తేల్చడం, బండి కండిషన్, డబ్బు చేతులు మారడం, కన్సల్టెన్సీలను ఎట్లా చూపాలన్నది, ఈ ఐదింటి మీద పని తెలిసినవాళ్లు వివరంగా చెప్తే మేలు.

---

సీబుక్_పని (కర్నూలు):

మొదట ఆ వెరిఫైడ్ గుర్తు సంగతి. ఓటీపీ వచ్చిందంటే ఆ సిమ్ ఆ మనిషి చేతిలో ఉందని, అంతే. చూసేవాడు మాత్రం బండి, పేపర్లు, మనిషి అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటాడు. కాబట్టి ఒకే గుర్తు పెట్టకండి. ‘సి బుక్‌లోని పేరు, అమ్మే మనిషి పేరు కలిశాయి’, ‘చాసిస్ నంబరు కలిసింది’, ‘ఫైనాన్స్ ఎంట్రీ లేదు’, ‘ఇన్సూరెన్స్ ఫలానా తేదీ దాకా ఉంది’ అని విడివిడిగా రాయండి. ప్రతిదాని పక్కన చూసిన తేదీ ఉండాలి. లిస్టింగ్ రోజు సరిగ్గా ఉన్న రికార్డు నెల తిరిగేసరికి మారొచ్చు: వేరే రాష్ట్రానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఉండొచ్చు, కొత్త చలాను పడి ఉండొచ్చు. డబ్బు కట్టే రోజు మళ్లీ ఒకసారి రికార్డు తెచ్చి చూపే ఏర్పాటు తప్పనిసరి.

ఓనర్ రుజువుకు సి బుక్ ఫోటో పనికిరాదు. వాట్సాప్‌లో ఒకరి సి బుక్ ఫోటో ఎంతమంది దగ్గరైనా ఉంటుంది. రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో ఓనర్ పేరు సగం చుక్కలతో కప్పి వస్తుంది, అది కూడా చాలదు. అమ్మే మనిషి తన డిజిలాకర్ (ప్రభుత్వ పత్రాలు దాచుకునే యాప్) నుంచి సమ్మతి ఇచ్చి సి బుక్ పంపేలా పెట్టండి. డిజిలాకర్ దాన్ని నేరుగా రవాణా శాఖ రికార్డు నుంచి తెస్తుంది కాబట్టి మధ్యలో ఎవరూ దిద్దలేరు. పేరు తేడా ఉంటే అక్కడ డాక్యుమెంట్ రాదు. అలాంటివాళ్లను తిప్పి పంపకుండా మనిషి చూసే వరుసలోకి పంపండి. ఆధార్ కాపీ మాత్రం అడగొద్దు. మీ సర్వర్‌లో అది ఉండటమే మీకు ప్రమాదం.

ఫైనాన్స్ దగ్గర మూడు స్థితులు పెట్టండి: లోన్ నడుస్తోంది; లోన్ కట్టేశారు కాని రికార్డులో హెచ్‌పీ (బండి మీద ఫైనాన్స్ ఉందన్న నమోదు) తీయలేదు; హెచ్‌పీ లేదు. మన దగ్గర గొడవలన్నీ రెండోదానితోనే. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, హెచ్‌పీ తీయించే ఫారం 35 ఇంట్లో బీరువాలో ఉంటాయి, ఆఫీసులో ఎవరూ ఇచ్చి ఉండరు. ఆ ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, మామూలుగా 90 రోజులు. దాటితే మళ్లీ ఆ కంపెనీ చుట్టూ తిరగాలి. ఊళ్లో బ్రాంచి ఎత్తేసి ఉంటే ఇంకా కష్టం. అందుకే ఎన్‌ఓసీ తేదీ అడిగి, గడువు దాటిందో లేదో యాప్ లెక్కగట్టి చూపాలి.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పు ఫారాలు)తో రెండు మూడు చేతులు మారిన బండ్లు ఇక్కడ చాలా ఉంటాయి. సి బుక్‌లో ఉన్న మనిషి వేరు, బండి తోలుతున్న మనిషి వేరు. వీటిని ఎట్టి పరిస్థితిలోనూ లిస్ట్ కానీయొద్దు. అయితే ఇంట్లోవాళ్ల పేరు మీద ఉన్న బండ్లను వీటితో కలపకండి. భార్య పేరు మీద ఉన్న స్కూటీని భర్త అమ్మడం మామూలే. అప్పుడు సి బుక్‌లో ఉన్న మనిషి ఫోన్‌కు లింకు పంపి, ఆమే ఒప్పుకుంటే లిస్టింగ్ తెరవాలి. చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. ఆ మాట యాప్‌లోనే తెలుగులో చెప్పి, మార్పు అయినాక రమ్మనండి.

ఇక అమ్మినవాళ్ల బాధ. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి. అమ్మినవాళ్లు ఆ పని కొన్నవాళ్ల మీద వదిలేస్తారు. రికార్డులో పేరు మారనంతవరకు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత పాత ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి బండి తాళాలు ఇచ్చిన చోట మీ యాప్ ఆగిపోకూడదు. రికార్డులో కొత్త పేరు కనిపించేదాకా ఆ బేరం ‘తెరిచి ఉన్నట్టే’ చూపాలి.

తాళాలు ఇచ్చేటప్పుడు డెలివరీ నోట్ యాప్‌లోనే తయారవ్వాలి. తేదీతో పాటు సమయం ముఖ్యం, నిమిషాలతో సహా. సాయంత్రం 5:40కి బండి ఇస్తే 6:15కు పడిన చలాను ఎవరిదో అప్పుడే తేలుతుంది. మీటర్ రీడింగ్ ఫోటో, ఎన్ని తాళాలు ఇచ్చారు, ఏ ఒరిజినల్ పేపర్లు ఇచ్చారు, ఇద్దరి ఓటీపీ ఒప్పుదల. తర్వాత రెండు కాపీలు పీడీఎఫ్‌గా ఇద్దరి ఫోన్లకూ పోవాలి.

ఇంకొక చిన్న మాట. నంబరు ప్లేటు చూసి జిల్లా పట్టొద్దు. ఏపీ 02 అనంతపురం, ఏపీ 21 కర్నూలు, ఏపీ 04 కడప అన్నది పాత బండ్లకే. 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఇస్తున్నారు. 2022లో జిల్లాలు కూడా విడిపోయాయి. ఏ ఆఫీసు పరిధిలో ఉందో రికార్డు నుంచే తీసుకోండి.

---

బురుజు_కోడర్ (కర్నూలు):

పైన అన్న చాసిస్ నంబరు కలపడం ఫోన్‌లోనే చేయొచ్చు. చాసిస్ నంబరు 17 అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. కాబట్టి ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) ఓ అని గాని క్యూ అని గాని చదివితే సున్నాగా, ఐ అని చదివితే 1గా మార్చేయొచ్చు. దీంతోనే చాలా తప్పులు పోతాయి. ఇంజన్ నంబరుకు మాత్రం ఈ నియమం లేదు, దానికి వాడకండి. పాత బండ్లకు, పాత ట్రాక్టర్లకు 17 కంటే తక్కువ ఉంటాయి, కాబట్టి పొడవు చూసి తిరస్కరించొద్దు. అమెరికాలోలాగ తొమ్మిదో అక్షరం చెక్ డిజిట్ అని లెక్కగట్టడమూ వద్దు, మన బండ్లకు అది తప్పనిసరి కాదు.

ఫోటో తీసే ముందు తెర మీద రెండే వాక్యాలు: ‘గుడ్డకు కాస్త డీజిల్ అద్ది నంబరు మీద దుమ్ము తుడవండి. టార్చ్ పక్కవైపు నుంచి వేయండి.’ ఎదురుగా ఫ్లాష్ వేస్తే పంచ్ చేసిన అక్షరాలు తెల్లగా కొట్టుకుపోతాయి. పక్క నుంచి వెలుగు పడితే గుంతల్లో నీడ పడి స్పష్టంగా వస్తాయి. అప్పటికీ రాకపోతే ఆర్టీఓ ఫారాలకు తీసినట్టే పెన్సిల్‌తో చాసిస్ ప్రింట్ తీసి దాని ఫోటో పెట్టమనండి, బండి పక్కనే పట్టుకుని.

బండి ఫోటోలు గ్యాలరీ నుంచి ఎక్కించే దారి మూసేయండి, యాప్ కెమెరా మాత్రమే. తెరిచిన ప్రతిసారీ నాలుగంకెల కోడ్ ఇచ్చి, దాన్ని కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు మీదో పెట్రోల్ ట్యాంకు మీదో పెట్టి మొదటి ఫోటో తీయించండి. అడిగే వరుస కూడా మార్చుతుండండి: ఒకరికి కుడి ఇండికేటర్ వేసి, ఇంకొకరికి డిక్కీ తెరిచి. పది నిమిషాల్లో పూర్తి కావాలి. దొంగ లిస్టింగులు పెట్టేవాళ్ల దగ్గర బండి ఉండదు, ఫోటోలే ఉంటాయి. వాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

పాత ఫోటోనే మళ్లీ వాడితే పట్టడానికి పర్సెప్చువల్ హ్యాష్ (ఫోటో రూపాన్ని బట్టి తీసే చిన్న కోడ్) చాలు. 64 బిట్లలో తేడా 8 లోపు ఉంటే మనిషి చూడాలి. తనంతట తాను తీసేసేలా పెట్టొద్దు, ఎందుకంటే ఒకే రంగు, ఒకే మోడల్ బైకు ఒకే కోణంలో తీస్తే హ్యాష్‌లు దగ్గరగానే వస్తాయి. బయటికి చూపేటప్పుడు నంబరు ప్లేటు, మనుషుల మొహాలు మసక చేయండి. ఫోటోలోని లొకేషన్ సమాచారం తీసేయండి. మ్యాప్ మీద ఇంటి గుర్తు కాకుండా ఐదక్షరాల జియోహ్యాష్ (చోటును గడిగా చూపే కోడ్) చూపండి, అది దాదాపు 5 కిలోమీటర్ల చదరం. ఊరు తెలిస్తే చాలు, బండి ఏ ఇంటి ముందు నిలబడి ఉంటుందో రాత్రిపూట తిరిగేవాళ్లకు తెలియక్కర్లేదు.

పేర్లు కలపడం అసలైన చిక్కు. సి బుక్‌లో ‘ఎస్.కె. మహబూబ్ బాషా’, బ్యాంకులో ‘షేక్ మహబూబ్ బాష’, ఆధార్‌లో ‘మెహబూబ్ బాషా షేక్’. ముగ్గురూ ఒక్కరే. అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే మన జిల్లాల్లో సగం మంది నిజమైన ఓనర్లు బయటే నిలబడతారు. పేరును ముక్కలు చేసి, వరుస పట్టించుకోకుండా, పొడి అక్షరాన్ని పూర్తి పేరుతో కలిపి, దీర్ఘం తేడా వదిలేసి చూడండి. అనుమానం మిగిలితే సి బుక్‌లో ఉండే తండ్రి పేరు రెండో ఆధారం. అదీ తేలకపోతే మనిషికి వదలండి.

చాట్‌లో కొన్ని మాటలు కనబడగానే ఎర్రగీత చూపాలి: ‘ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది’, ‘బండి ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో ఉంది’, ‘పార్సిల్ చార్జీ ముందు వేయండి’, ‘క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు వస్తుంది’. ఇవి తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, హిందీలో వస్తాయి, మూడూ చూడాలి. అంకెలను మాటల్లో రాసి ఫోన్ నంబరు ఇచ్చేవాళ్లూ ఉంటారు. అయితే ఫోన్ మాట్లాడనీయకుండా కట్టేయాలని చూడకండి. ఇక్కడ మాట వినకుండా ఎవరూ బండి చూడ్డానికి బయలుదేరరు. అసలు నంబరు కనబడని మాస్క్‌డ్ కాల్ పెట్టండి.

నెట్‌వర్క్ గురించి: ఫోటోను పొడవు వైపు 1600 పిక్సెళ్లకు కుదించి, ఒక్కోటి 300 కేబీ లోపు ఉండేలా ఫోన్‌లోనే చేసి, ఆగిన చోట నుంచి మళ్లీ సాగే అప్‌లోడ్ పెట్టండి. పొలం దగ్గర ట్రాక్టర్‌కు ఫోటోలు తీసి, ఊళ్లోకి వచ్చినాక పోతాయి. ఫోటో తీసిన సమయం మాత్రం ఆ క్షణందే నమోదు కావాలి.

---

స్పానర్_14 (ప్రొద్దుటూరు):

కండిషన్ రిపోర్టు గురించి నేను చెప్తా. 200 పాయింట్ల లిస్టు పెట్టొద్దు అన్నా. పాయింట్లు ఎక్కువైతే మెకానిక్ కూర్చుని టిక్కులు కొడతాడు, బండి చూడడు. 25 చాలు, కాని ఒక్కోదానికి ఫోటో గాని వీడియో గాని ఉండల్ల.

కారుకు మొదట చల్లటి ఇంజన్ స్టార్ట్ వీడియో. ముందే తిప్పి వేడి చేసి పెట్టిన ఇంజన్ ఎట్లాగైనా మంచిగానే పలుకుతాది. బానెట్ తెరిచి చేయి ఆనించి చల్లగా ఉందని చూపించి, అప్పుడు స్టార్ట్ చేయల్ల. తాళం ఆన్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డు కూడా వీడియోలో పడల్ల. చెక్ ఇంజన్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు ముందు వెలిగి తర్వాత ఆరిపోవల్ల. అసలు వెలగనే లేదంటే ఎవరో లైటు పీకేసినారని అర్థం.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరం) పెడితే తప్పుల కోడ్లు మాత్రమే చూసి వదలొద్దు. ‘కోడ్లు చెరిపినాక తిరిగిన దూరం’ అని ఒక రీడింగ్ ఉంటాది. అది 10, 15 కిలోమీటర్లు చూపిస్తే చెకింగ్‌కు తెచ్చే ముందే ఎవరో కోడ్లు చెరిపినారు. అట్లాంటి బండిని 100 కిలోమీటర్లన్నా తిప్పి మళ్లీ చూడల్ల. ఈ రీడింగ్ రిపోర్టులో తప్పకుండా పెట్టండి, కొనేవాళ్లకు దీని గురించి తెలీదు.

మీటర్ తిప్పినది పట్టేదానికి ఒక్క గుర్తు చాలదు. సర్వీసు రికార్డు, టైరు మీద ఉండే నాలుగంకెల కోడ్, బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు అరుగుదల, ఇవన్నీ కలిపి చూడల్ల. టైరు కోడ్ 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీటర్ 28,000 చూపిస్తా, నాలుగు టైర్లూ బండి కంటే మూడేళ్లు కొత్తవైతే అడగాల్సిన ప్రశ్న ఉండాది. ‘మీటర్ కరెక్ట్’ అని యాప్ ఎప్పుడూ రాయగూడదు. ‘మీటర్‌కు, అరుగుదలకు తేడా కనిపించలేదు’ అని రాయండి, అంతవరకే మెకానిక్ చెప్పగలిగేది.

పెయింటు మందం మీటరుతో కంపెనీ పెయింటు మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటాది. 250 దాటితే మళ్లీ కొట్టినారు, 500 దాటితే కింద పుట్టీ ఉండాది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటరు పనిచేయదు, అక్కడ రీడింగ్ రాలేదని భయపడొద్దు. రీపెయింటు అయినంత మాత్రాన బండి చెడిపోయినట్టు కాదు, డోరు గీతకు కొట్టించింటారు. పిల్లర్లు, రేడియేటర్ సపోర్టు, వెనక డిక్కీ ఫ్లోరు కొట్టింటే అది వేరే కథ.

నీళ్లలో మునిగిన బండ్లు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు వరద రాజంపేట వైపు ఊళ్లను ముంచింది. మద్రాసు, బెంగళూరులో కూడా వానలకు కార్లు మునుగుతాంటాయి. అవి కడిగి, సీటు కవర్లు మార్చి యాడికైనా పోతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. మడతలో ఉండే ఆ అడుగు భాగం ఎవరూ కడగరు, బురద గీత అక్కడ దొరుకుతాది. తర్వాత సీటు రైలు కింద బోల్టులు, స్టెప్నీ గుంత, ఫ్యూజ్ బాక్సులో పచ్చ తుప్పు. ఈ నాలుగు ఫోటోలూ ప్రతి కారుకూ తప్పనిసరి చేయండి.

మన సైడు ప్రత్యేకంగా చూడాల్సింది రేడియేటర్. అనంతపురం పక్క కూలెంట్ పోయకుండా బోరు నీళ్లు పోసి తోలిన బండ్లు ఎన్నో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మెడ లోపల వేలు పెడితే తెల్లగా, గరుకుగా సున్నం పొర తగులుతాది. అట్లాంటి ఇంజన్ డిసెంబరులో బాగానే తిరుగుతాది, మే నెలలో వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతాది. ఆ ఫోటో 25లో ఒకటి కావల్ల.

పికప్పులు, మినీ లారీలకు బాడీ కింద పడుకుని చూడల్ల. బేతంచెర్ల, తాడిపత్రి, జమ్మలమడుగు పక్క బండలు తోలినవి ఓవర్‌లోడుకు నలిగి ఉంటాయి. వెనక పట్టీల హ్యాంగర్ దగ్గర చీలికలు, క్యాబిన్ వెనక చాసిస్‌కు ప్లేటు వేసిన వెల్డింగ్ ఉందేమో చూడల్ల. కొత్తగా నల్ల పెయింటు పూసింటే అక్కడే అనుమానం.

ట్రాక్టర్‌కు కిలోమీటర్లు కాదు, గంటల మీటరు. హైడ్రాలిక్‌కు గుంటక గాని మడక గాని తగిలించి పైకెత్తి ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు చూడండి. జారుతా వస్తే లోపల సీళ్లు పోయినాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నుకుని వస్తే రింగులు అరిగినాయి. పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) వేసి తిప్పి చూడకుండా ట్రాక్టర్ రిపోర్టు ఇయ్యొద్దు.

మెకానిక్‌ను అమ్మేవాడు ఎంచుకోగూడదు. ఊర్లో అందరం ఒకరికొకరు తెలిసినోళ్లమే, కాబట్టి వేరే ఊరి మెకానిక్‌ను యాప్ పంపల్ల. ఫీజు కొనేవాడిది. బేరం కుదిరినా కుదరకపోయినా ఒకే ఫీజు. కుదిరితే కమీషన్ అన్నారంటే ఆ రిపోర్టు మీద నమ్మకం ఆరోజే పోతాది. రిపోర్టు మీద గడువు కూడా రాయండి, 15 రోజులు లేదా 500 కిలోమీటర్లు.

---

పద్దు_పుస్తకం (తాడిపత్రి):

డబ్బు విషయం. ఇద్దరి మధ్య డబ్బు మీ కంపెనీ కరెంటు ఖాతాలో పెట్టుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. ఇతరుల సొమ్ము అట్లా మధ్యలో పట్టుకోవాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న పేమెంట్ అగ్రిగేటర్ (చెల్లింపులు నడిపే సంస్థ) కావాలి. అలాంటి సంస్థతో ఒప్పందం చేసుకుని వాళ్ల ఎస్క్రో (బేరం తేలేదాకా డబ్బు ఉంచే ఖాతా) ద్వారా నడపండి.

బైకు ధర మామూలుగా యూపీఐలో అయిపోతుంది. కార్లు, ట్రాక్టర్లకు యూపీఐలో మనిషికి మనిషికి రోజుకు లక్ష అనే హద్దు అడ్డం వస్తుంది. 2 లక్షల పైన ఆర్‌టీజీఎస్. అది 2020 డిసెంబరు నుంచి రాత్రీపగలూ, ఆదివారాలూ నడుస్తుంది, కాబట్టి ‘బ్యాంకు సెలవు, నగదే తెండి’ అన్న మాట వినక్కర్లేదు. ఒకే బండికి 2 లక్షలు గాని అంతకు మించి గాని నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడేది తీసుకున్నవాళ్ల మీదే. ఈ వాక్యం అమ్మేవాళ్ల తెర మీద కనిపించాలి.

డబ్బు పంపే ముందు ఖాతాదారు పేరు, సి బుక్ పేరు పక్కపక్కన చూపండి. మీ వైపు నుంచి ఒక రూపాయి వేసి ఖాతా పేరు తెచ్చుకోవచ్చు. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలోనూ పంపేముందు పేరు చూసుకునే వీలు 2025 ఏప్రిల్ నుంచి ఉంది. ‘మా బావ ఖాతాకు వేయండి’ అని అమ్మే మనిషి అన్నప్పుడు యాప్ ఆపాలి.

అడ్వాన్సు బండి కళ్లారా చూసినాకే తెరుచుకోవాలి. ఇద్దరి ఫోన్లూ ఒకే చోట ఉన్నాయని తేలి, అమ్మేవాళ్ల తెర మీది క్యూఆర్‌ను కొనేవాళ్లు యాప్‌లో స్కాన్ చేసినాక మాత్రమే ‘అడ్వాన్సు’ బటన్ రావాలి. చూడకముందే డబ్బు అడిగే మోసాలన్నీ దీంతో యాప్ లోపల కుదరవు. బయట కుదురుతాయి కాబట్టి, డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదన్న హెచ్చరిక, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు చాట్ తెర పైనే ఉంచండి. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో నిలిపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఫిర్యాదుల సంగతి కూడా రాసిపెట్టుకోండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, సంప్రదించే దారి చూపాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తెలుగులో ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే ఈ పని జరగదు.

---

లేపాక్షి_దారి (హిందూపురం):

కర్ణాటక బండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. హిందూపురం, ఆదోని, గుంతకల్లులో కేఏ నంబరు కార్లు తక్కువ ధరకు కనిపిస్తాయి. చూపిన ధరతో పని అయిపోదు. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. అక్కడ మిగిలిన ట్యాక్స్ వాపసుకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుని తిప్పకూడదు. కాబట్టి వేరే రాష్ట్రం బండికి ధర కింద ‘ఇక్కడి నంబరు వచ్చేసరికి అయ్యే మొత్తం’ అంచనాగా వేసి చూపండి. లేదంటే లోకల్ బండి పక్కన అది ఎప్పుడూ చవకగా కనిపించి, ఇక్కడివాళ్లు నష్టపోతారు.

---

పెన్నా_ఒడ్డు (అనంతపురం):

అందరికీ చాలా ధన్యవాదాలు. వెరిఫైడ్ గుర్తు తీసేసి విడివిడి తనిఖీలు పెడుతున్నాం. ఇంకో మూడు అడుగుతాను. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపి ఉంచితే బాగుంటుందా, ఆపితే ఎవరిది ఆపాలి? కన్సల్టెన్సీలను ఎట్లా చూపాలి? ట్రాక్టర్‌తో పాటు ట్రైలర్ కూడా కలిపి అమ్ముతారు కదా, ఒకే లిస్టింగ్ చాలా?

---

పద్దు_పుస్తకం (తాడిపత్రి):

పెద్ద యాప్‌లు అమ్మినవాళ్ల సొమ్ములో కొంత ఆపుతాయి. నా అభిప్రాయంలో ఇద్దరిదీ ఆపాలి, ఎందుకంటే ఆలస్యం చేసేది ఎక్కువగా కొన్నవాళ్లే. కారుకు కొనేవాళ్ల నుంచి 10,000, బైకుకు 3,000 డిపాజిట్‌గా ఎస్క్రోలో పెట్టించండి. రికార్డులో పేరు మారిన రోజే తిరిగి వెళ్లిపోవాలి, అడిగించుకోకూడదు. అమ్మినవాళ్ల వైపు, హెచ్‌పీ తీయాల్సిన బండికి మాత్రమే ఆపండి. పేపర్లన్నీ శుభ్రంగా ఉన్నవాళ్ల సొమ్ము ఆపితే వాళ్లు మళ్లీ మీ యాప్ ముఖం చూడరు.

---

లేపాక్షి_దారి (హిందూపురం):

పాత బైకుకు 3,000 డిపాజిట్ అంటే చాలామంది ఇక్కడ యాప్ మూసి బయట బేరం చేసుకుంటారు. 25,000 బైకు కొనేవాళ్లకు అది పెద్ద మొత్తం. బైకులకు డిపాజిట్ బదులు, ట్రాన్స్‌ఫర్ ఫీజు బేరం రోజే కట్టించి దరఖాస్తు అక్కడికక్కడే పెట్టించేయడం మేలు. డబ్బు ఒకసారి ఆఫీసుకు పోయినాక మనిషి వెనక్కి తగ్గడు.

---

సీబుక్_పని (కర్నూలు):

బైకుల విషయంలో హిందూపురం వారి మాటే సరి. దరఖాస్తు ఆ రోజే పెట్టాలంటే ఒకటి ముందే చూసుకోవాలి: ఓటీపీ రికార్డులో ఉన్న ఫోన్ నంబరుకు పోతుంది. చాలామంది పాత ఓనర్ల రికార్డులో షోరూమ్ వాళ్లు వేసిన నంబరో, ఎప్పుడో వదిలేసిన సిమ్మో ఉంటుంది. లిస్టింగ్ పెట్టేటప్పుడే ‘మీ బండి రికార్డులో మీ ప్రస్తుత నంబరు ఉందా’ అని అడిగి, లేకపోతే మార్చుకునే దారి చూపండి. దీన్ని చివరికి వదిలితే కొనేవాళ్లు తాళాలు పట్టుకుని ఎదురుచూస్తుంటారు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా ఈ తెర మీదే పెట్టండి. పాలసీ కొత్త పేరు మీదికి మార్చమని కొన్నవాళ్లు 14 రోజుల్లో కంపెనీని అడగాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది, బండితో రాదు. ఆ తేడా ప్రీమియం కొన్నవాళ్లు కట్టాలి. ‘ఇన్సూరెన్స్ ఉంది’ అని మాత్రమే రాస్తే ఈ ఖర్చు దాచినట్టే అవుతుంది.

కన్సల్టెన్సీలను తరిమేయొద్దు. బండ్లు నిలబెట్టుకునే చోటు, పేపర్ల అనుభవం వాళ్ల దగ్గరే ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రిజిస్టరింగ్ అథారిటీ ఇచ్చే అనుమతి పత్రం అనే ఏర్పాటు ఉంది. ఫారం 29బి అదే. ఓనర్ బండి వాళ్లకు అప్పగించినప్పుడు ఫారం 29సి ఆన్‌లైన్‌లో పెడితే ఆ రోజు నుంచి ఆ బండి బాధ్యత డీలర్‌దే అవుతుంది. అమ్మినవాళ్లకు ఇంతకంటే రక్షణ లేదు. కాబట్టి మూడు రకాల ఖాతాలు: సొంత ఓనర్, 29బి ఉన్న డీలర్, కమీషన్ మీద చూపించే మధ్యవర్తి. మధ్యవర్తి అయితే కమీషన్ ఎంతో, ఎవరు ఇస్తారో లిస్టింగ్ మీదే ఉండాలి. ఓనర్ ఖాతాలో ఏడాదిలో నాలుగో బండి పెడుతున్నారంటే వాళ్లను డీలర్ వరుసలోకి మార్చండి.

ట్రైలర్‌కు వేరే సి బుక్, వేరే నంబరు, వేరే చాసిస్ ప్లేటు ఉంటాయి. ఒకే ప్రకటనలో రెండూ చూపండి, కాని లోపల రెండు బండ్లుగానే నమోదు చేసి, రెండింటికీ తనిఖీలు, డెలివరీ నోట్, పేరు మార్పు విడివిడిగా నడపండి. ట్రాక్టర్‌కు ఫైనాన్స్ తీరిపోయి ట్రైలర్ మీద ఇంకా ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ అసలే చేయించని ట్రైలర్లు కూడా ఊళ్లలో ఉంటాయి. వాటిని ‘ట్రైలర్ ఉచితం’ అని ట్రాక్టర్ ఫోటోలో ఒక మూల చూపించి అమ్ముతారు. ఫోటోలో ట్రైలర్ కనిపిస్తే దాని నంబరు అడగండి. నంబరు లేకపోతే ఆ ఫోటో తీసేసి ట్రాక్టర్‌ను మాత్రమే లిస్ట్ చేయనీయండి.